గోడ ఆరేలోపు

ఆ రోజు ఆ బంగళాలో ఉన్నది ఐదుగురు. స్నానాల గదిలో బెలైద్ మేస్త్రి, కుడి మణికట్టుకి తడిగుడ్డ చుట్టుకుని. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి దగ్గర ఆయన భార్య ఇజ్జా, నల్ల సబ్బు కరిగిస్తూ. హాల్లో నిచ్చెన మీద వడ్రంగి దావూద్, నోటినిండా మేకులు పెట్టుకుని కూడా మాటలాపని మనిషి. బంగళా యజమానురాలు ఘీతా, మర్యాదకి అందరూ లల్లా ఘీతా అంటారు, ముందురోజు సాయంత్రమే కాసాబ్లాంకా నుంచి కారులో వచ్చింది. ఐదో మనిషి మేస్త్రి మేనకోడలు తూదా.

ఇజ్జాని అడిగితే మాత్రం ఐదుగురే కాదంటుంది. నీళ్ళు పారే గదుల్లో కంటికి కనబడనివాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళ పేరెత్తకూడదు. వాళ్ళకి కోపం రాకుండా ఆమె గోడ పని మొదలవకముందే స్నానాల గది నాలుగు మూలలా ఉప్పు చల్లి, తూములో కాసిని పాలు పోసి వచ్చింది.

తూదా ఆ ఇంటికి వస్తూ చంకలో ఒక మూట పెట్టుకొచ్చింది. ఉన్ని దుప్పటి, దాని మడతల్లో రెండు జతల బట్టలు, ఒక దువ్వెన. పట్నంలో పై తరగతులు చదివే పల్లెటూరి ఆడపిల్లలకి ఒక వసతి ఇల్లుంది. అక్కడ మంచాలు తక్కువ, పిల్లలు ఎక్కువ. పేరు రాయించుకున్నంత మాత్రాన చాలదు. చివరి రోజు పొద్దుగూకేలోగా పిల్ల స్వయంగా వెళ్ళి తన దుప్పటి మంచం మీద పరవాలి. దుప్పటి పడని మంచం, గుమ్మం దగ్గర మూటతో కాచుకుని కూర్చున్న మరో పిల్లకి పోతుంది. ఆ చివరి రోజు ఇదే. ఒక ఏడాది ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్ల మళ్ళీ బడి మొహం చూడడం ఆ కొండవార ఊళ్ళలో ఎవరూ ఎరగరు.

ఈ సంగతి తూదాకి తెలుసు, తల్లికి తెలుసు, మేనమామకీ తెలుసు. తెలిసే ఆయన ఆ పొద్దున వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క పూట పంపవే ఫద్మా. ఈ చెయ్యి చూడు, పొంగిన రొట్టెలా ఎలా ఉందో. తాపీ అయితే ఎడమ చేత్తో తిప్పుతా. రాయి నొక్కాలంటే ఈ మణికట్టే కావాలి గదా."

"ఇవాళ అది పట్నం బండెక్కాలన్నయ్యా..." అంది తల్లి.

"బండి సాయంత్రం అస్ర్ నమాజు దాటితే గానీ నిండదు. గోడలో చిన్న గూడుంది, ఆ గూడొక్కటి రుద్దిపెడితే చాలు. వంతెన పక్కనే గదా బంగళా, అక్కణ్ణుంచే ఎక్కించేస్తా."

తండ్రి అగాదీర్ రేవులో చేపల పనికి పోయిన దగ్గర్నుంచీ వాళ్ళింట్లోకి పిండి బస్తా మోసుకొచ్చేది మేనమామే. ఆయనకి కాదని చెప్పడం తల్లి వల్ల కాలేదు. తూదా వల్ల అసలే కాదు. ఆ పిల్ల నోట్లో నాలుక ఉందో లేదో తెలియదని ఊరంతా అంటుంది. మూట చంకన పెట్టుకుని మామ గాడిద వెనకాల నడిచింది.

ఆలివు తోట చివర, వాగు గట్టు మీద ఉంటుంది ఆ బంగళా. మేడ లేదు, అంతా నేల మీదే పరుచుకుని ఉంటుంది. మొదట కట్టినప్పుడు తెల్లటి సిమెంటు గోడలు, ఆసుపత్రిలో ఉండేలాంటి నున్నటి పలకలు. లల్లా ఘీతా దాన్ని కొన్నాక అవన్నీ పీకించేసింది. గోడలకి గడ్డి కలిపిన ఎర్రమట్టి పూయించింది. పైకప్పు కింద నీలగిరి దూలాలు, దూలాల మధ్య వరసగా గన్నేరు పుల్లలు. కింద ఒండ్రుమట్టి పలకల నేల. కిటికీల పక్కన మట్టి అరుగులు, వాటి మీద పరవడానికి ఉన్ని బొంతల కోసం ఇంకా వెతుకుతోంది.

"ఇల్లు వెచ్చగా ఉండాలి, మేస్త్రిగారూ. నేలలోంచి దానంతటదే మొలిచినట్టుండాలి," అనేది ఆవిడ, గోడ మీద అరచెయ్యి ఆనించి.

దావూద్‌కి ఇదంతా వినోదం. "మా ఇంటిది మట్టి గోడలు కూలగొట్టి సిమెంటు పెట్టించమని నా ప్రాణం తీస్తోంది. ఈవిడేమో సిమెంటు కూలగొట్టి మట్టి పెట్టిస్తోంది. ఇద్దరికీ ఇళ్ళు మార్చేస్తే నాకు పనీ తప్పుద్ది, పోరూ తప్పుద్ది," అన్నాడు నిచ్చెన మీంచి.

"నీ నోటికి పని తప్పదులే," అంది ఇజ్జా, సబ్బు గిన్నె పట్టుకుని పోతూ.

తూదా హాల్లో ఒక అరుగు మీద తన మూట పెట్టి, తలగుడ్డ బిగించి కట్టుకుని, స్నానాల గదిలోకి వెళ్ళింది. వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది.

గూడొక్కటే అన్నాడు మామ. గోడంతా పూత వేసి ఉంది. నేల నుంచి తలెత్తితే కనబడేంత ఎత్తు వరకూ, ఈ మూల నుంచి ఆ మూల దాకా, రొట్టె పైపొర రంగులో తడితడిగా మెరుస్తూ ఉంది. చెమ్మ ఇంకా గోడ మీద నుంచి ఆవిరిలా లేస్తోంది. తెల్లవారుజామునే వేసుంటాడు. వాళ్ళ గుమ్మంలో నిలబడి ఒక్క పూట అని బతిమాలే సరికే ఈ గోడ ఇలా ఉండి ఉంటుంది.

మరాకేష్ సున్నం గోడ సంగతి తూదాకి నడక వచ్చినప్పటి నుంచీ తెలుసు. పూత వేశాక అది మన మాట వినదు, మనమే దాని మాట వినాలి. మెత్తగా ఉన్నప్పుడు చెక్కతో సాపు చెయ్యాలి. కాస్త బిగిశాక ఏటిరాయితో రుద్దాలి. వేలికి చల్లగా తగిలి అంటుకోకుండా ఉన్నప్పుడు నల్ల సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ రాయితో నొక్కాలి. అప్పుడే సబ్బూ సున్నమూ ఒకదాన్నొకటి పట్టుకుని, నీళ్ళు పోసినా దిగని అద్దంలాంటి తోలు కడుతుంది. మధ్యలో వదిలేస్తే మచ్చ. గాలి తగిలితే పగులు. అన్నిటికన్నా పెద్ద మాట, ఒక చేత్తో మొదలైన గోడ ఆ చేత్తోనే ముగియాలి. ఒక్కో చేతి బరువు ఒక్కో నిగ్గు తెస్తుంది. రెండు చేతులు పడిన గోడని వెలుతురు పట్టిచ్చేస్తుంది.

"ఏంటలా చూస్తావ్? రా తల్లీ," అన్నాడు మామ. ఆయన మొహంలో తప్పు చేసినవాడి నవ్వుంది. "గూడొక్కటే పూస్తే అతుకు కనబడుద్దని మొత్తం లాగేశా. నీ చెయ్యి పాదరసం గదా, ఎంతసేపు? ఇదిగో నీ రాయి."

మామా, ఇది సాయంత్రానికి అవ్వదు. నన్ను బండెక్కిస్తానన్నావు.

ఆ మాట నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆయన రాయి చాచి పట్టుకున్నాడు, కోడిగుడ్డంత నల్లటి ఏటిరాయి, ఒక పక్క అరిగి నున్నగా ఉంది. ఆమె చిన్నప్పుడు వాగులో ఆయనే ఏరి తెచ్చిచ్చిన రాయి. తూదా చెయ్యి చాచింది. రాయి అరచేతిలో పడింది. మొదటి చుట్టు గోడ మీద తిప్పేసింది.

అంతే. ఆ గోడ ఇక ఆమెది.

షెర్గీ లేచింది అప్పుడే. ఎడారి వైపు నుంచి వచ్చే ఆ వడగాలి తడిపొడి చూడదు, దేన్నయినా పీల్చేస్తుంది. ఆలివు చెట్లు ఒక్కసారిగా వెనకడుగు వేసినట్టు వంగాయి.

"కిటికీ! తలుపు! సందుల్లో తడి సంచులు పెట్టు!" అని అరిచాడు మేస్త్రి.

ఇజ్జా పరిగెత్తుకొచ్చి బయటి నుంచి కిటికీకి తడి గోనె కట్టింది. దావూద్ నిచ్చెన దిగి తలుపు లాగి చూపించాడు. దేవదారు చెక్క, ఆ వారమే బిగించాడు, దాని మీద అతనికి గర్వం. "నా తలుపు మూసుకుందంటే గాలి కాదు గదా, మా ఆవిడ తిట్లు కూడా దూరవు," అన్నాడు.

తలుపు మూసుకుంది. గదిలో ఒక బల్బు, ఇద్దరు మనుషులు, ఒక గోడ.

కాసేపటికి లోపల సున్నం ఘాటు, చెమట, సబ్బు వాసన కలిసి ముద్దగా అయ్యాయి. తూదా రుద్దుతోంది. చిన్నచిన్న చుట్లు, ఒకదాని అంచు మీద ఇంకొకటి. రాయి కింద గరుకు కరకరమని, తర్వాత సరసరమని, ఆఖరికి ఏ శబ్దమూ లేకుండా జారుతుంది. శబ్దం పోయిందంటే అక్కడ అయినట్టు. కానీ ఒక చోట శబ్దం పోయేసరికి పక్కన ఇంకా ఎంతో గోడ కరకరమంటూ ఉంటుంది. మామ ఎడమ చేత్తో కింది భాగం తడి ఆరకుండా బ్రష్‌తో నీళ్ళు చిలకరిస్తూ, ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఈ ఊళ్ళో నీలాంటి చెయ్యి లేదే. నాక్కూడా లేదు, అబద్ధమెందుకు? రాయి నీ చేతిలో పడితే నిద్రపోతున్నంత కుదురుగా ఉంటుంది."

ఆ మెప్పు తూదాకి ఎప్పుడూ తియ్యగానే ఉండేది. ఇవాళ గోడకి కొట్టిన మేకులా గుచ్చుకుంది. పొగిడిన ప్రతిసారీ గది ఇంకాస్త చిన్నదవుతోంది.

తలుపు సందు చేసుకుని ఇజ్జా సబ్బు గిన్నె లోపలికి చాచింది. గోడ పని నడుస్తుంటే ఆమె ఎప్పుడూ అంతే, గడప దాటదు. పెళ్ళయిన నాటి నుంచీ మొగుడి పనికి సబ్బు వండేది ఆమె, ఆలివు నూనె చాలిందో లేదో ఆమె చూపుకే తెలుస్తుంది. గోడ మీద చెయ్యి వెయ్యబోతే మాత్రం బెలైద్ అనేవాడు, "నీ చెయ్యి బరువే, ఇజ్జా. నువ్వు పిండి పిసుక్కో." తూదా ఒకసారి మామ ఊళ్ళో లేనప్పుడు వాళ్ళింటికి వెళ్ళింది. వంటింట్లో అత్త పొయ్యి చుట్టూ సున్నం పూసి, రాయితో రుద్దుతోంది. పొయ్యి గట్టు మీద అత్త మొహం కనబడేంత నిగ్గు. తూదాని చూసి ఇజ్జా దాని మీద గుడ్డ కప్పేసింది. ఇద్దరూ దాని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

"ఏమ్మా మేస్త్రమ్మా, సబ్బు చిక్కబడిందా, పల్చబడిందా? సెలవియ్యి," అంది ఇజ్జా ఇప్పుడు, సందులోంచి.

తూదా తల వంచుకుని, "బాగుందత్తా," అంది.

"బాగుండక ఏం చేస్తుంది? వండేవాళ్ళది వంట, వడ్డించేవాళ్ళది పేరు." గిన్నె కింద పెట్టింది గానీ ఆమె చూపు గోడ మీదనే ఉంది. తూదా రాయి ఎటు తిరిగితే ఆమె కళ్ళు అటు తిరిగాయి. "ఆ ఎడమ వారన తొందరగా ఆరుతోంది, చూసుకో."

"తలుపు!" అని కసిరాడు మేస్త్రి. తలుపు మూసుకుంది.

మధ్యాహ్నం రొట్టె, ఆలివు నూనె, పుదీనా టీ లోపలికే వచ్చాయి. తూదా ఒక చేత్తో రొట్టె తింటూ ఇంకో చేత్తో గోడ తడి చూసింది. టీ గ్లాసు తిరిగి ఇవ్వడానికి సందులోకి వంగినప్పుడు హాలు కనబడింది.

లల్లా ఘీతా అరుగు ముందు నిలబడి ఉంది. అరుగు మీద తూదా దుప్పటి పరిచి ఉంది.

అది అమ్మ నేసింది. రంగు వెయ్యని ఉన్ని, తెల్ల గొర్రె తెలుపు, మధ్యలో గోధుమ రంగు గొర్రె నుంచి వచ్చిన పట్టీలు. ఒక మూల తూదా చిన్న చెల్లెలు మగ్గం మీద చెయ్యి పెట్టి చేసిన వంకర కూడా అలాగే ఉంది. దాని మీద ఇప్పుడొక మట్టి కుండ, కుండలో ఎండు రెల్లు. మూటలోని బట్టలు, దువ్వెన ఒక పక్కగా మర్యాదగా మడిచి పెట్టి ఉన్నాయి.

"ఇదే, దావూద్! నేను మరాకేష్ బజారంతా తిరిగి వెతికింది ఇదే! చూడు, ఏ రంగూ లేదు, గొర్రె గొర్రెలాగే ఉంది. ఈ వంకర చూడు, ఎంత బాగుందో. మేస్త్రిగారే తెప్పించి ఉంటారు, నన్ను ఆశ్చర్యపెడదామని."

"మేస్త్రి ఆశ్చర్యపెట్టడం నేనిప్పటిదాకా చూళ్ళేదు లల్లా. అయినా దేవుడు తల్చుకుంటే ఏదైనా అవుద్ది," అన్నాడు దావూద్.

"అన్ని అరుగులకీ ఇదే కావాలి. నాకు మనిషి చెయ్యి కనబడాలి. కర్మాగారంలో పుట్టిన నునుపు కాదు. ఇక్కడో చెయ్యి ఆగింది, ఇక్కడ మరో చెయ్యి పట్టుకుంది అని తెలియాలి. అందులో ఉంటుంది వెచ్చదనం."

గదిలోంచి ఆ మాట విని బెలైద్ మేస్త్రి ముక్కు ఎగబీల్చాడు. "చెయ్యి కనబడాలంట! చెయ్యి కనబడితే అది కూలీ గోడ. మేస్త్రి గోడ మీద చెయ్యి కనబడదు, గోడే కనబడుద్ది."

పెరట్లోకి వెళ్ళబోతున్న ఇజ్జా, చేతిలో ఖాళీ గ్లాసుతో, లల్లా అన్న ఆ మాటకి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వెళ్ళిపోయింది.

తూదా నోరు తెరిచింది. లల్లా, అది నాది. మూడంటే మూడు మాటలు. కానీ లల్లా మొహం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. అంత సంతోషంగా ఉన్న పెద్దమనిషికి, అది నా పడక, నేను కప్పుకునే దుప్పటి అని ఎలా చెప్పడం? ఆవిడ సిగ్గుపడదూ? ఆవిడ సిగ్గు తలచుకుంటేనే తూదా చెవులు వేడెక్కాయి. ఆలోచిస్తూ ఉండగానే మామ తలుపు మూసేశాడు.

ఇప్పుడు తనూ గోడ దగ్గర, దుప్పటీ అరుగు మీద. ఇద్దరినీ ఈ ఇల్లు తనలో కలిపేసుకుంటోంది. దుప్పటికి నోరు లేదు, అది ఒప్పుకున్నట్టే లెక్క. తనకి నోరుండి కూడా అదే లెక్క. ఇవాళ ఈ గోడ, ఇంకో వారం ఇంకో గోడ. మనిషి అడగని చోట, కాదనని చోట, అవుననడమే అయిపోతుంది.

సబ్బు రాయాల్సిన వేళయింది. రాసింది. రాయి నొక్కింది. గోడ ఒక్కసారిగా లోపలి నుంచి కళ్ళు తెరిచినట్టు మెరిసింది. అందంగానే ఉంది. అందంగా ఉందని ఒప్పుకోవాల్సి రావడం ఇంకా బాధగా ఉంది.

దూరంగా ఊరి మసీదులో అస్ర్ పిలుపు వినిపించింది. మామ కాళ్ళూ చేతులూ కడుక్కుని ఆ మూలనే నమాజు చేసుకున్నాడు. లేచాక గోడ వైపు చూశాడు. పై సగం మెరుస్తోంది, మిగతాది ఇంకా మసకగా ఎదురుచూస్తోంది.

"మామా," అంది తూదా. ఆ మాట రాయి కింద సున్నంలా నలిగింది.

ఆయనకి అర్థమైంది. అర్థం కానట్టు ఉండడానికి బ్రష్ నీళ్ళలో ముంచాడు. చాలాసేపు ముంచే ఉంచాడు.

"చూడు తల్లీ. పట్నంలో ఏం నేర్పుతారు? నీకు వచ్చిన ఈ పని వాళ్ళెవరికైనా వచ్చా? నా చెయ్యి ఇక పనికి రాదని నాకు తెలుసు, డాక్టరు చెప్పక్కర్లా. ఈ పని నాతో పోకూడదు. నువ్వుంటే మనకి మరాకేష్ దాకా పిలుపులొస్తాయి. వచ్చే ఏడు పోదువులే బడికి. బడెక్కడికి పోద్ది?"

బడి ఎక్కడికీ పోదు. మంచం పోతుంది.

ఆయన చెడ్డవాడైతే బాగుండేదనిపించింది తూదాకి. ఆ వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అడక్కుండా అడుగుతున్నట్టు కూర్చున్నాడు. చిన్నప్పుడు తనని భుజాన ఎక్కించుకుని వాగు దాటించిన చెయ్యి.

అప్పుడు వంతెన మీద బండి హారన్ మోగింది. డ్రైవర్ హ్మాద్ బండి సగం నిండినప్పుడు ఒకసారి, నిండినప్పుడు ఒకసారి కొడతాడు. ఇది మొదటిది.

తూదా చెయ్యి ఆగింది. రాయి గోడ మీద నుంచి తీసింది.

"ఏయ్! ఆపకు, ఆపకు! మచ్చ పడుద్ది!"

ఇజ్జా కొత్త సబ్బు గిన్నెతో తలుపు సందు చేసింది. వెనక హాల్లో లల్లా ఘీతా, నిచ్చెన మీద దావూద్. అందరూ తననే చూస్తున్నారు. తూదాకి కాళ్ళ కింద తూము తెరుచుకుని మింగేస్తే బాగుండుననిపించింది. తలెత్తకుండా, తలుపు సందులోకి చెప్పింది.

"అది నా దుప్పటి."

ఎవరికీ అర్థం కాలేదు.

"ఏ దుప్పటే?" అన్నాడు మామ.

"అరుగు మీద పరిచింది. అమ్మ నేసింది. వసతి ఇంట్లో మంచం మీద పరవాలి. ఇవాళే. పొద్దుగూకేలోగా." ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. "గూడొక్కటే అన్నావు మామా. నువ్వు గూడొక్కటే అన్నావు."

హాల్లో కుండ ఎత్తిన చప్పుడు. లల్లా ఘీతా మొహం కందిపోయింది. "అయ్యో, అమ్మాయీ! ఇంతసేపూ చూస్తూ ఊరుకున్నావా? నాతో ఒక్క మాట అనకూడదూ?" అంటూ దుప్పటి మీది రెల్లు పుల్లలు దులిపి, మూటలోంచి తీసిన బట్టలు అందులో పెట్టి గబగబా మడవసాగింది.

"దుప్పటి సంగతి సరే. గోడ?" అన్నాడు బెలైద్ మేస్త్రి. కోపం కాదది, భయం. "ఇది వదిలేస్తే రేపు పగిలి రాలుద్ది. అందరి ముందూ నా పరువు. నేను చెయ్యలేను. దీని చెయ్యి పడ్డ గోడ ఇంకొకళ్ళు ముట్టుకోకూడదు."

గడప అవతల ఇజ్జా ఉంది. గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత పెళ్ళయిన నాటి నుంచీ, మొగుడి పని నడిచేటప్పుడు ఎన్నడూ దాటని గడప దాటి లోపలికి వచ్చింది.

"ఇలా తే రాయి," అంది.

తూదా నోరు తెరుచుకుని చూసింది.

"నీకు మతి పోయిందా? రెండు చేతులు పడితే వెలుతుర్లో కనబడుద్ది!" అన్నాడు మేస్త్రి.

"కనబడనీ. ఆ తల్లికి కావలసింది అదేగా. ఒక చెయ్యి ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ పట్టుకుందో తెలియాలంట. నా చెవులతో విన్నా. ఏం లల్లా, అన్నారా లేదా?"

"అన్నాను," అంది లల్లా ఘీతా, దుప్పటి గుండెకి ఆనించుకుని. "నిజంగానే అన్నాను."

"నీ చెయ్యి బరువే!" మేస్త్రి గొంతు సన్నబడింది.

"బరువో తేలికో ఎప్పుడు చూశావయ్యా? మన పొయ్యి గట్టు దేనికి మెరుస్తోందనుకున్నావ్, నీ మొహం చూసా? ఇంటికెళ్ళాక గుడ్డ తీసి చూసుకో." రాయి కోసం చెయ్యి ఇంకాస్త ముందుకి చాచింది. తూదా వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత మెల్లగా అంది. "ఇవ్వవే. ఎంతకాలం సందులోంచి చూడమంటావ్?"

తూదా రాయి ఇచ్చింది. అది తన అరచేతి వేడితో వెచ్చగా ఉంది. అత్త వేళ్ళు దాని చుట్టూ మూసుకోవడం చూసింది. ఆకలిగా ఉన్నవాళ్ళు రొట్టె పట్టుకున్నట్టుగా ఉంది.

ఇజ్జా గోడ ముందు నిలబడింది. ఊపిరి బిగబట్టి మొదటి చుట్టు తిప్పింది. సరసరమంది. రెండోది. మేస్త్రి కళ్ళు చిట్లించి, బల్బు వెలుగు పక్కనుంచి పడేలా తల వంచి చూశాడు. బ్రష్ తీసుకుని ఆమె చేతి ముందు తడి చిలకరించాడు, అంతే.

"నిచ్చెన మీంచి కనబడుతోంది," అని అరిచాడు దావూద్. "హ్మాద్ ఇంకా దిగి టీ తాగుతున్నాడు. బండి పైన కోళ్ళ గంప ఎక్కిస్తున్నారు. పరిగెత్తితే అందుతుంది పిల్లా! లేకపోతే కోళ్ళు చదువుకుంటాయి, నువ్వు గుడ్లు పెట్టాలి!"

తూదా గడప దాటింది. లల్లా ఘీతా దుప్పటి మూట ఆమె చేతుల్లో పెట్టింది. షెర్గీ హాలంతా తిరుగుతోంది, ఎండు రెల్లు నేల మీద దొర్లుతోంది. బయట వెలుతురు కళ్ళలో సూదుల్లా గుచ్చుకుంది. రెండడుగులు వేసి తూదా ఆగింది. గుర్తొచ్చింది. కుడి మూల కింద, గూటి అంచున, పూత పల్చగా ఉంది. అక్కడ నొక్కితే లోపలి గరుకు తేలుతుంది. పొద్దున చెయ్యి పెట్టగానే తెలిసింది, ఎవరికీ చెప్పలేదు. వెనక్కి తిరిగి తలుపు సందులోకి తల పెట్టింది.

"అత్తా, ఆ గూటి అంచు దగ్గర మెల్లగా, అక్కడ పూత..."

"తెలుసే," అంది ఇజ్జా, గోడ మీద నుంచి చూపు తిప్పకుండా.

"కాదత్తా, మామా నువ్వూ విను, అక్కడ రాయి పడుకోబెట్టి..." ఇన్నాళ్ళూ రాని మాటలన్నీ ఇప్పుడే వస్తున్నాయి.

"గాలొస్తోందే, పో!" అంది ఇజ్జా. మోచేత్తో తోసి, ఆమె మొహం మీదే తలుపు మూసేసింది.